చీలమండ అలక

పిల్లలూ, ఒకసారి మడతపడ్డ కాలు మళ్లీ మళ్లీ అక్కడే ఎందుకు మడతపడుతుంది? నేల గతుకులని మాత్రం అనకండి. ప్రతిదానికీ నేలను తిట్టడం మనకో జబ్బు!

ఒకప్పుడు చీలమండకు పగ తెలియదు. దాని బయటి పక్క మూడు సన్నని తాళ్లుండేవి. ఆ తాళ్లకు కళ్లు! గుంట కనబడితే "జాగ్రత్త!" అని అరిచేవి. తెగితే చీలమండే పేనుకునేది, మనిషి పట్టించుకున్నా, పట్టించుకోకపోయినా.

ఎర్రన్న అని ఒక చెడుగుడు ఆటగాడు. ఒకనాడు కూత పెట్టి వెనక్కి దూకుతూ ఎదుటివాడి పాదం మీద దిగాడు. కాలు లోపలికి మడతపడి తాళ్లు మూడూ పుటుక్కుమన్నాయి.

వాళ్లమ్మ సన్నెమ్మ చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసింది. మూడో రోజుకి వాపు తగ్గింది. సన్నెమ్మ వేలితో నొక్కి చూసి, "తగ్గిపోయింది, పోయి ఆడుకోరా" అంది.

"తగ్గింది వాపేనమ్మా!" అని చీలమండ లబలబలాడింది. "తాళ్లు అతకలేదు, వాటి కళ్లూ తెరుచుకోలేదు. మూడూ ఒకేసారి తెగితే నా ఒక్కదాని వల్ల కాదు. ఎర్రన్నా, ఈ ఒక్కసారికి సాయం చెయ్యి. నాకో నెల ఇవ్వు!"

గట్టు మీది కొంగ కూడా చెప్పింది. "నొప్పి తగ్గాక రోజూ నా పక్కన కాసేపు ఒంటికాలి మీద నిలబడు. కళ్లు అవే తెరుచుకుంటాయి."

"నేనేమన్నా చేపలు పట్టాలా, కొంగ బావా? ఎల్లుండే పందెం!" అని నవ్వి వెళ్లిపోయాడు ఎర్రన్న.

పందెంలో ఎవరూ పట్టుకోకుండానే, రేగుగింజంత గులకరాయి మీద కాలేసి బోర్లాపడ్డాడు.

"పాడు నేల!" అన్నాడు.

"నేనేం చేశానయ్యా?" అంది నేల.

చీలమండకు ఒళ్లు మండిపోయింది. "దాన్నంటావేం? ఇన్నేళ్లు నీ బరువు మోశాను. వెయ్యి గంతులు వేయించావు, కిక్కురుమన్నానా? అడిగింది ఒక్క నెల! అదీ బరువైందా? ఇక నా తాళ్లు నేను పేనుకోను, పో! నువ్వు ఓర్చుకుంటేనే అతుకుతాయి. నువ్వు నిలబడి నేర్పితేనే కళ్లు తెరుస్తాయి. లేదా, ఎక్కడంటే అక్కడ పడేస్తాను!"

లోకంలోని చీలమండలన్నీ ఆ మాట విని, "న్యాయమే!" అన్నాయి.

అప్పటినుంచే, పూర్తిగా మాననివ్వని చీలమండ చదును నేల మీద కూడా మళ్లీ మళ్లీ మడతపడుతోంది.

ఇక లేవండి. మేడ మీద వడియాలు సగమే పెట్టాను, పిండి పులిసిపోతుంది. నే వెళ్తున్నా.