రాజుగారి పంటి వంతెన

గువ్వలకోట రాజు మల్లభూపతికి ఒక ఉదయం కొబ్బరికాయను పళ్లతో పగలగొట్టాలని బుద్ధి పుట్టింది. పొరుగు రాజ్యంలో ఒక జెట్టి ఆ పని చేశాడని ఎవరో చెప్పారు, అంతే. నిండుసభలో కాయ తెప్పించి, కళ్లు మూసుకుని ఒక్క కొరుకు కొరికాడు.

కాయకు ఏమీ కాలేదు. రాజుగారి పైవరస ముందు పన్ను ఊడి ఒళ్లో పడింది. దవడ పన్ను ఒకటి సగానికి విరిగింది.

ఆనాటి నుంచి రాజు "సభ" అంటే "ఫభ" అని వినిపించేది. "సేనాపతీ" అని పిలిస్తే మాటకు బదులు ఈల వచ్చేది. ఎవరూ నవ్వలేదు గాని, సభలో అందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది. అది చూసి రాజు మాట్లాడటమే మానేశాడు. నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, సైగలతో రాజ్యం ఏలసాగాడు.

సైగలతో ఏలడం అంత తేలిక కాదు. ఒకరోజు రాజు ముక్కు మీద వాలిన ఈగను తోలాడు. సేనాపతి అది దండయాత్రకు ఆజ్ఞ అనుకుని పొరుగు రాజ్యం మీదికి సేనను పంపించాడు. వద్దు వద్దని రాజు రెండు చేతులూ ఊపాడు. దాంతో ఏనుగుల దళం కూడా బయలుదేరింది.

ఇక లాభం లేదని రాజుగారి ఆంతరంగికుడు చెన్నుభట్టు మోటుపల్లి రేవుకు మనిషిని పంపి, నాగసాని అనే దంతవైద్యురాలిని పిలిపించాడు. ఆమె రాజు నోటిని వెలుతురుకు తిప్పి నిదానంగా చూసింది.

"విరిగిన పంటికి వేరు గట్టిగానే ఉంది ప్రభూ. చుట్టూ కాస్త అరగదీసి బంగారు కిరీటం తొడుగుతాను. నమిలే బరువు అదే మోస్తుంది. ఊడిన పంటికి వేరే లేదు, కిరీటం దేనిమీద నిలుస్తుంది? అక్కడ వంతెన కట్టాలి. అటు పన్ను, ఇటు పన్ను స్తంభాలు. ఆ రెండింటికీ తొడుగులు వేసి, వాటి మధ్య ఏనుగు దంతంతో చేసిన పన్ను నిలబెడతాను. ఒకసారి అతికించాక తీసి పెట్టుకునే పని ఉండదు."

వంతెనల అధికారి అంకినాయుడు చివాలున లేచాడు. తనకు తెలియకుండా రాజ్యంలో పిచ్చుక గూడు కట్టినా ఆయనకు గిట్టదు.

రాజు తలమీద ఒక కిరీటం ఉండగా నోట్లో ఇంకొకటి పెట్టడం రాజద్రోహమనీ, కిరీటం పెట్టుకున్న పన్ను రేపు సింహాసనం అడిగితే ఏం చేస్తారనీ, ఈమెను చెరసాలలో వేయించాలనీ వాదించాడు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. నాగసాని ముఖం పాలిపోయింది.

చెన్నుభట్టు నెమ్మదిగా అన్నాడు.

"కిరీటం ఉన్నవాళ్లంతా రాజులైతే, అయ్యా, ముందు వెళ్లి వంటశాల వెనకున్న కోడిపుంజుకు దండం పెట్టి రండి."

ఉత్తరీయం వెనక రాజు బుగ్గలు ఉబ్బాయి. సరేనని తల ఊపాడు. ఆ ఊపు సేనాపతి కంట పడకుండా చెన్నుభట్టు అడ్డంగా నిలబడ్డాడు.

నాగసాని చిగుళ్లకు లవంగనూనె రాసి పని మొదలుపెట్టింది. పళ్లు అరగదీసింది, మెత్తటి మైనంతో అచ్చు తీసింది, ఆ అచ్చును బట్టి బంగారంతో తొడుగులు పోసింది. కొన్నాళ్లకు కిరీటం, వంతెన రెండూ కుదురుకున్నాయి.

రాజు సభకు వచ్చి, "సేనాపతీ, సేనను వెనక్కి పిలిపించు" అన్నాడు. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినిపించింది. పొలిమేరలో పొరుగువారితో పాచికలాడుతూ కూర్చున్న సేన ఇంటికి తిరిగి వచ్చింది. సభంతా నాగసానిని మెచ్చుకుంది.

అంకినాయుడికి అది మింగుడుపడలేదు. రాజ్యంలోని ప్రతి వంతెన మీదా తన పేరు చెక్కించుకున్న మనిషి ఆయన. రాజుగారి నోట్లో ఉన్నదీ వంతెనే గనక దానిమీదా తన పేరే ఉండాలన్నాడు. అలా చెక్కితే వంతెన బీటలిస్తుందని నాగసాని మొత్తుకుంది. రాజు ఇరకాటంలో పడ్డాడు. ప్రతి వంతెన మీదా అధికారి పేరు చెక్కాలన్న శాసనం మీద ముద్ర వేసింది తానే మరి.

చెన్నుభట్టు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"నాయుడుగారి మాట న్యాయమే ప్రభూ. అయితే ఆచారం కూడా జరగాలి కదా. కొత్త వంతెన మీద మొదటి ఏనుగు దాటేటప్పుడు, పేరు చెక్కించుకునేవాడు దాని కింద నిలబడాలి."

తాను ఎన్నడూ వెనకాడలేదని అంకినాయుడు మీసం దువ్వాడు.

"ఇక్కడ ఏనుగు పట్టదు, చెరుకుముక్క చాలు. తమరూ మొత్తం పట్టరు, చూపుడువేలు చాలు. పేరు గట్టిగా చెప్పండి. ఆఖరి అక్షరం వినగానే ప్రభువు కొరుకుతారు" అన్నాడు చెన్నుభట్టు.

రాజు ఉత్సాహంగా నోరు తెరిచాడు. అందరూ చూస్తున్నారు, వెనక్కి తగ్గితే పరువు పోతుంది. అంకినాయుడు చెరుకుముక్కతో పాటు వేలిని వంతెన కింద పెట్టాడు. పైన దంతపు పన్ను తెల్లగా మెరిసింది. లోపల బంగారు కిరీటం తళుక్కుమంది.

"ఊఁ, తమరి పేరు?" అన్నాడు చెన్నుభట్టు.

"అం..." అన్నాడు అంకినాయుడు. రాజుగారి కింది దవడ కొంచెం పైకి లేచింది.

"నాకు పేరు లేదు ప్రభూ!"

వేలు లాక్కుని ఆయన స్తంభం చాటుకు పరుగెత్తాడు. ఈసారి సభలో ఎవరికీ దగ్గు రాలేదు, అందరూ నవ్వేశారు. అందరికన్నా గట్టిగా, ఉత్తరీయం పక్కకు విసిరేసి, రాజే నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి నాగసానికి ఇచ్చాడు, చేతి కంకణం చెన్నుభట్టుకు తొడిగాడు.