మూడో సూది

అనగనగా ఒక కాలం. రాజులింకా పోలేదు, యంత్రాలింకా పూర్తిగా రాలేదు. ఆ కాలంలో సముద్రపు ఒడ్డున పూసలరేవు అనే చిన్న రాజ్యం ఉండేది.

రేవుకి ఎదురుగా, దూరాన ఒక దీవి. ఏటా ఎండలు ముదరగానే పల్లెలోని ఆడవాళ్ళు ఆ దీవికి వెళ్ళి చేపలు ఎండబెట్టేవారు. దీవి మీద బావి లేదు. తాగే నీళ్ళు పెద్ద కుండలతో వెంట తీసుకుపోవాలి. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఎన్ని కుండల నీళ్ళు మిగిలితే అన్ని చోట్ల పొగ వెయ్యాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు పొగలు చూసి నీళ్ళ పడవ పంపాలి.

ఆ ఏడు ముప్ఫైమంది వెళ్ళారు. నూకాలు మాత్రం ఆగిపోయింది. జెల్లచేప ముల్లు కుడి అరచేతిలో దిగి, చెయ్యి బూరెలా వాచింది. ఆమె చెల్లెలు పైడితల్లి, "నీ పని కూడా నేనే చేసుకొస్తాలే అప్పా" అని నవ్వుతూ పడవెక్కింది.

వాళ్ళు వెళ్ళిన పదో నాడు పెనుగాలి వచ్చింది. రేవులోని పడవలన్నీ ఒకదానికొకటి కొట్టుకుని చితికిపోయాయి. రాజుగారి పెద్దపడవ ఒక్కటే మిగిలింది. దాని తెరచాప మాత్రం చింకిపేలికలైంది.

తెల్లవారేసరికి దీవి మీద మూడు పొగలు లేచాయి.

పడవ నడిపే తండేలు మసేనయ్య రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ముప్ఫైమందికి మూడు కుండలు మారాజా. ఈ ఎండకి రేపు మధ్యాహ్నం దాకా వస్తే గొప్ప. గాలి కూడా రేపు సాయంత్రం దాకానే మనవైపు. ఆ తరవాత ఎదురు తిరుగుతుంది. తిరిగితే నాలుగు రోజులు దాటలేం."

"తెడ్లు వేసుకుని పోలేరా?"

"నడుమ సుడి ఉంది మారాజా. చాప లేకుండా ఆ పడవ సుడి దాటదు."

రాజు కొట్టులోంచి ముతక గుడ్డ తానులు తీయించాడు. తొమ్మిది పట్టీలు కోసి, ఎనిమిది కుట్లు వేసి కలిపితే చాప అవుతుంది. కానీ ఆ పల్లెలో చాప కుట్టడం ఆడవాళ్ళ పని. కుట్టగల చేతులన్నీ దీవి మీదే ఉన్నాయి. మగవాళ్ళకు వల అల్లడం వచ్చు గాని, గాలికి ఆగే కుట్టు రాదు. నూకాలుకు వచ్చు. ఆమె చెయ్యేమో సూది పట్టే స్థితిలో లేదు. కోటలో దర్జీ ఒక్కడున్నా, ఇంత ముతక గుడ్డకు ఎనిమిది కుట్లు ఒక్కడి చేత్తో రేపటికి తెమలవు.

అప్పుడు రాజుకు కుట్టుమిషను గుర్తొచ్చింది.

ఆరు నెలల కిందట ఒక ఓడ వర్తకుడు దాన్ని రాణికి కానుకగా ఇచ్చాడు. కాళ్ళతో తొక్కితే చక్రం తిరిగి తనంతట తానే కుట్టే మిషను అది. రాణి దాన్ని ఆస్థానపు దర్జీ సోమలింగానికి అప్పగించింది. అతను గది తలుపు వేసుకుని రవికలూ అంగరఖాలూ కుట్టి తెచ్చేవాడు. "అంతా మిషను పనే ప్రభూ, దాని గుట్టు నాకు తెలుసు" అనేవాడు. అందరూ నమ్మారు.

మిషనును కోట ముందు పందిట్లోకి తెచ్చారు. సోమలింగం కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది.

సూది నాలుగుసార్లు దిగి నాలుగు టాకాలు పడ్డాయి. దారం పుటుక్కున తెగింది.

"దారం మంచిది కాదు" అన్నాడు సోమలింగం. కొత్త దారం తెచ్చారు. అదీ తెగింది. "గుడ్డ మరీ ముతక" అన్నాడు. రాణిగారి పట్టుగుడ్డ ముక్క తెచ్చి పెట్టారు. మూడోసారీ తెగింది. సోమలింగం మొహం మీద చెమటలు కారాయి. "ఇవాళ ఘడియ మంచిది కాదు ప్రభూ. మిషను మొరాయిస్తోంది" అన్నాడు.

దీవి మీద ఒక పొగ సన్నబడి, సన్నబడి, ఆరిపోయింది. ఇక మిగిలినవి రెండు.

నూకాలు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "మారాజా, నన్ను కూర్చోనివ్వండి."

"నీకు మిషను తెలుసా?" అన్నాడు రాజు.

"తెలియదు మారాజా. చూడడం ఇదే మొదలు. కానీ తెలుసుకుంటాను."

సోమలింగం విసురుగా లేచాడు. "వలలు ఆరేసుకునేదానివి, నీకేం తెలుస్తుందే?"

"తెలియదనే కదా బాబూ చెప్పాను" అంది నూకాలు, పీట మీద కూర్చుంటూ.

ఆమె వెంటనే తొక్కలేదు. దారం తీసేసింది. ఎడమచేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, ఏది కదిలితే ఏది కదులుతోందో చూసింది. సూది దిగుతుంది. అడుగున ఉన్న చిన్న దారపు చుట్ట దగ్గర ఒక కొక్కెం తిరిగి, పైదారం ఉండాల్సిన చోటికి వస్తుంది. గుడ్డ కింద సన్నని పళ్ళు లేచి, గుడ్డను ముందుకు జరిపి, మళ్ళీ దిగిపోతాయి. "అయితే జరిపేది ఇదే. నేను లాగక్కర్లేదు" అనుకుంది.

తరవాత సూదిని ఊడదీసి బొటనవేలితో తడిమింది. ఒకవైపు నున్నగా ఉంది. రెండోవైపు పైనుంచి కంటిదాకా సన్నని గాడి ఉంది.

"ఈ గాడి ఎందుకు పెట్టారు? దారం ఇందులో పడుకోవడానికే అయ్యుండాలి. ఇప్పుడు గాడి ఒకవైపుంటే, దారం రెండోవైపు నుంచి ఎక్కుతోంది. రాచుకుని తెగదూ మరి!"

సూదిని తిప్పి బిగించి, గాడి ఉన్నవైపు నుంచి దారం ఎక్కించింది. తొక్కింది. టకటకమని మిషను సాగింది. దారం తెగలేదు. జనం కేకలు వేశారు.

ఆ కేకలకు నూకాలుకు ఆత్రం పుట్టింది. త్వరగా పోవాలని గుడ్డను వెనకనుంచి లాగింది. టప్పుమని సూది విరిగింది.

పెట్టెలో చూస్తే ఇంకా రెండే సూదులు ఉన్నాయి.

"లాగక్కర్లేదని నేనే అనుకుని, నేనే లాగాను" అని నూకాలు తనను తానే తిట్టుకుంది. రెండో సూది బిగించింది. ఈసారి ఎడమ అరచెయ్యి గుడ్డ మీద ఊరికే ఆనించింది. పొద్దు వాలేసరికి నాలుగు కుట్లు పూర్తయ్యాయి. పైనుంచి చూస్తే ముత్యాలు కూర్చినట్టున్నాయి. రాజు మెచ్చుకున్నాడు. మసేనయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

నూకాలు గుడ్డను మడత పెట్టబోయి, అడుగువైపు చూసింది.

అడుగున పైదారమంతా ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కిందిదారం తాడులా తిన్నగా పడుంది. దేన్నీ ఏదీ పట్టుకోలేదు.

పక్కనే ఉన్న సోమలింగం కూడా చూశాడు. వంగి, చెవిలో అన్నాడు. "నోరు మూసుకో. పైకి బాగానే ఉంది. ఇప్పుడు చెప్పావంటే పొద్దంతా పాడుచేసినందుకు నీకు కొరడా దెబ్బలే."

నూకాలు సముద్రం వైపు చూసింది. రెండు పొగలూ ఎర్రటి ఆకాశం మీద సన్నగా నిలబడి ఉన్నాయి. ఆ పొగల కింద పైడితల్లి ఉంది. ఈ చాప ఎత్తుకుని వెళ్ళే ఎనిమిదిమంది మగవాళ్ళు ఇక్కడే నిలబడి ఉన్నారు.

ఆమె కిందిదారం కొసను పట్టుకుని లాగింది. సర్రుమని కుట్టంతా ఈ చివరి నుంచి ఆ చివరికి విడిపోయింది. రెండు పట్టీలూ వేరై నేలమీద పడ్డాయి.

"మారాజా, ఈ నాలుగు కుట్లూ పనికిరావు."

రాజు మొహం నల్లబడింది. "ఒక పొద్దంతా పోయిందే! ముప్ఫై ప్రాణాలమ్మా!"

"పోయింది మారాజా. తప్పు నాదే, అడుగు తిప్పి చూసుకోలేదు. కానీ ఈ చాపే ఎత్తి ఉంటే, సుడి దగ్గర విచ్చుకునేది. ఆ ఎనిమిదిమందీ పోయేవారు."

"మరి రేపటికి కుట్టగలవా?"

"ఎందుకు వదులయిందో నాకు తెలియదు. ముందు అది తెలియాలి."

ఉన్నట్టుండి సోమలింగం తలపాగా తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"ప్రభూ, నాకూ తెలియదు. ఆరు నెలలూ తలుపు వేసుకుని చేత్తోనే కుట్టాను. ఓడ వర్తకుడు మిషను చూపించిన రోజున, పైదారం పోయే రెండు బిళ్ళల దగ్గర ఒక చిన్న మరమేకును తిప్పడం చూశాను. ఎందుకు తిప్పుతున్నావని అడగడానికి నామోషీ అనిపించింది. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ పొద్దు పోయేది కాదు."

రాజు అతన్ని కోపంగా చూశాడు. నూకాలు మాత్రం గబుక్కున మిషను మీదికి వంగింది. "ఏ బిళ్ళలు బాబూ? చూపించండి!"

మర్నాడు వెలుగు రాగానే పని మొదలైంది. దీవి మీద ఒక్క పొగే ఉంది.

ఆ బిళ్ళలు పైదారాన్ని నొక్కి పట్టేవని చూసి, నూకాలు మరమేకును బిగించి, చిన్న పేలిక మీద కుట్టి చూసింది. గుడ్డ ముడుచుకుపోయింది. "మరీ బిగిసింది." అర చుట్టు వదులు చేసింది. మళ్ళీ కుట్టి, ముందు అడుగు చూసింది. పైన ఎలా ఉందో కిందా అలాగే ఉంది. పేలికను మసేనయ్యకు ఇచ్చి, "లాగు మావా, నీ బలమంతా పెట్టి లాగు" అంది. అతను పళ్ళు బిగించి లాగాడు. గుడ్డ పిగిలింది గాని కుట్టు వీడలేదు.

ఇక మిషను ఆగలేదు. ఒక్కో కుట్టు అవగానే నూకాలు అడుగు తిప్పి చూసేది. చూశాకే ఇంకోటి మొదలుపెట్టేది. "చూసింది చాలు, కుట్టమ్మా" అని జనం తొందరపెట్టినా వినలేదు. సోమలింగం ఎవరూ చెప్పకుండానే ఆమె వెనక నేలమీద కూర్చున్నాడు. చాప అంచుకు తాడు బిగించి కుట్టడం మిషను వల్ల కాదు. అది చేతిపని. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఆమె కుట్టిన కొద్దీ అతను ఆ అంచు పట్టుకుని తాడు కుడుతూ వచ్చాడు.

ఎనిమిది కుట్లూ అయ్యాయి. కింది అంచు మడిచి కుట్టాలి. మొదటి అతుకు మీదికి రాగానే మడత లావై, రెండో సూది విరిగింది.

అదే సమయానికి గుంపులోంచి ఒక ముసలమ్మ గొల్లుమంది. దీవి మీద పొగ లేదు.

నూకాలు చివరి సూది బిగించింది. ఇది మూడో సూది. ఇది విరిగితే ఇంకేమీ లేదు. కళ్ళు మూసుకుని చెల్లెలి మొహం తలచుకుంది. తెరిచి, సూదిని మాత్రమే చూసింది.

"సుత్తి ఇవ్వండి" అంది. లావుగా ఉన్న మడతల మీద మెల్లగా కొట్టించి పల్చన చేసింది. మైనం రాసింది. తొక్కుడు పలక మీంచి కాళ్ళు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పింది. ఒక టాకా. ఆగి చూసింది. ఇంకో టాకా. సూది మడతలో కిర్రుమంటూ దిగింది. మొదటి అతుకు దాటింది. రెండోది దాటింది. అలా ఎనిమిది అతుకులూ దాటి, చివరి టాకా పడేసరికి ఆమె కింది పెదవి నుంచి నెత్తురు కారుతోంది. అంత గట్టిగా కరుచుకుందని ఆమెకే తెలియదు.

చాప ఎత్తారు. నీళ్ళ కుండలు ఎక్కించారు.

"కొత్త కుట్టు. దీన్ని నమ్మి వెళ్ళేదెవరు?" అని ఒకడు గొణిగాడు.

"కుట్టినదాన్ని నేనే వెళుతున్నాను" అంది నూకాలు, పడవలోకి దిగుతూ.

సుడి దగ్గర గాలి చాపను చెంప మీద కొట్టినట్టు కొట్టింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. కుండలు దొర్లాయి. నూకాలు కుట్ల వైపే చూస్తూ కూర్చుంది. ఎనిమిది కుట్లూ బిగుసుకుని, గుడ్డ పొట్టలా ఉబ్బింది. ఒక్క టాకా కదలలేదు. మసేనయ్య చుక్కాని తిప్పాడు. పడవ సుడి అంచును కోసుకుంటూ దాటేసింది.

దీవి ఒడ్డున ఆడవాళ్ళు చింకి గుడ్డల నీడన పడి ఉన్నారు. నూకాలు కుండ ఎత్తుకుని మోకాళ్ళ నీళ్ళలో పరుగెత్తింది. పైడితల్లి పెదాలు పగిలి, మాట రావడం లేదు. రెండు గుక్కలు తాగాక కళ్ళు తెరిచింది.

"అప్పా... మాకోసం వచ్చింది నువ్వేనా?"

"నేనేనే. ఇంకో గుక్క తాగు."

ముప్ఫైమందీ బతికారు. గాలి రేవు వైపు తిరగగానే, ఆ గాలి మీదే పడవ రేవు చేరింది.

మరునాడు రాజు నూకాలును పిలిపించి, ఏం కావాలో కోరుకోమన్నాడు. మిషను పల్లెలో ఉండాలనీ, ఎవరికి కావలిస్తే వాళ్ళు వచ్చి నేర్చుకోవాలనీ ఆమె అడిగింది. సోమలింగానికి శిక్ష వద్దంది. నిజం చెప్పిన ఘడియ నుంచి అతను తనతో సమానంగా పనిచేశాడంది. రాజు రెండిటికీ సరేనన్నాడు.

మిషను నూకాలు ఇంటి అరుగు మీదికి చేరింది. మొదటి రోజు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్యన, తలపాగా ఒళ్ళో పెట్టుకుని, ఆస్థానపు దర్జీ కూడా కూర్చున్నాడు. "నాకు మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పిల్లలూ, తెలిసినట్టు నటించేవాడికి ఏ పనీ తన గుట్టు చెప్పదు. తెలియదని ఒప్పుకుని, తన తప్పును తానే తిప్పి చూసుకునేవారికే అది చేతికి వస్తుంది.