జెట్టిని నిలబెట్టి పడగొట్టిన పేరిందేవి

చొక్కరాజుగారికి కొత్త మోజు పుట్టిందంటే కోనదుర్గంలో ఎవరో ఒకరి కొంప మునిగినట్టే. ఈసారి మునగబోయింది ఓబన్న వస్తాదుది.

పొరుగుదేశం నుంచి వచ్చిన సింగమల్లు అనే జెట్టి, సభలో దున్నపోతులాంటి భటుణ్ణి మెడపట్టు పట్టి రెప్పపాటులో సొమ్మసిల్లజేశాడు. రాజుగారు సింహాసనం మీదే గంతేసినంత పనిచేశారు.

"కుస్తీ అంటే ఇదీ! మన ఓబన్న గోదాలో ఏముంది? ఏడాదంతా ఒకడి మీద ఒకడు ఎక్కి కూర్చోవడమేగా!"

"ముందు చోటు దక్కాలి ప్రభూ," అన్నాడు ముసలి వస్తాదు. "పైన కుదురుకున్నాకే మెడపట్టు. తొందరపడితే పట్టినవాడే కిందపడతాడు."

"కూర్చోవడం కోడిపెట్టలకి నేర్పుకో తాతా! గుడ్లన్నా పెడతాయి," అన్నాడు సింగమల్లు.

సభ ఘొల్లుమంది. "రేపటి నుంచి గోదా సింగమల్లుదే!" అనేశారు రాజుగారు.

ఓబన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ గోదా తప్ప ఆయనకి వేరే ఇల్లు లేదు.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే పేరిందేవికి ఒళ్ళు మండింది. ఆకుకి సున్నం రాయడం ఆపేసింది.

"ప్రభూ, జెట్టిగారిని ముట్టుకోకుండానే పడగొడతాను. గెలిస్తే గోదా ఓబన్న తాతదే. ఓడితే ఆయనతోపాటు నేనూ ఊరొదిలి పోతాను."

"ఆకులు చుట్టే పిల్లవి, నువ్వా!" సింగమల్లు ఫెడేలున తొడ కొట్టాడు.

ఆమెకి కావలసిందీ అదే.

"తొడ కొట్టారు, అందరూ విన్నారు! తాతా, గోదా కట్టుబాటేమిటి?"

"ముందు తొడ కొట్టినవాడు ఎక్కడ, ఎలా నిలబడాలో ఎదుటివాడు చెబుతాడమ్మా."

"అయితే జెట్టిగారూ, ఆ గోడకి మడమలూ నడుమూ ఆనించి నిలబడండి. కాళ్ళు కదపకూడదు, మోకాళ్ళు వంచకూడదు." ఆయన కాలివేళ్ళకి జానెడు ముందు ఓ వక్క పెట్టింది. "ఇది తీసి నాకివ్వండి, చాలు."

"ఇంతేనా?"

వంగాడు. వెనక్కి జరుగుదామంటే గోడ. ముందుకి చూస్తే నేల. తూలి, నిక్కి, మీసం దువ్వుకున్నాడు.

"బరువుగా ఉందా అండీ? భటుల్ని పిలవనా?" అంది పేరిందేవి.

రోషంతో ఒక్క ఊపున వంగాడు. ధబ్బున బోర్లా పడ్డాడు!

పడ్డవాణ్ణి లేవనివ్వడం ఓబన్నకి జన్మలో అలవాటు లేదు. గబగబా వెళ్ళి వీపు మీద కుదురుగా కూర్చున్నాడు, ఆ తర్వాతే మెడ చుట్టూ చెయ్యి వేశాడు. సింగమల్లు గింజుకున్నాడు, బుసకొట్టాడు, చివరికి ఓడానన్నట్టు అరచేత్తో నేల టపటపా కొట్టాడు.

రాజుగారు నోరు తెరిచారు. "అమ్మాయీ, వీడి బలమంతా ఏమైందే?"

"బలం ఆయన దగ్గరే ఉంది ప్రభూ. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో నేను చెప్పాను."

రాజుగారు నవ్వు ఆపుకోలేక మెళ్ళో ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"గోదా నీదేనయ్యా ఓబన్నా! ఇక దిగు!"