కొబ్బరినీళ్ల జీపు

ఏజెన్సీ కొండల్లో పసుపూ చింతపండూ సంతకు తీసుకెళ్లి అమ్ముకునే దాలమ్మకు నలభై మూడేళ్లు; ఎవరేమన్నా, సంగతేమిటో అడక్కముందే "తప్పు నాదేలెండి" అనడం ఆమె అలవాటు. మొగుడు అన్నం మాడిందన్నా అదే మాట, సంతలో ఎవరో తన కాలు తొక్కినా అదే మాట. ఊరంతా ఆమెను మంచిమనిషి అనేది. అలాంటి ఆడదాన్ని ఊరు అలా అనక ఏమంటుంది?

సంతకు వెళ్లాలంటే సత్తినాయుడి జీపే దిక్కు. దారిలో కొండవాగు ఉంది, గెడ్డ అంటారు; దానిమీద వంతెన లేదు. జీపు నీళ్లలోంచే దాటాలి. సత్తినాయుడికి భక్తి ఎక్కువ. ప్రతి సంతరోజూ బానెట్ తెరిచి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను మీదంతా చల్లేవాడు. ముక్కలు అందరికీ పంచేవాడు. ఆడవాళ్లను మాత్రం ముందుసీటులో కూర్చోనిచ్చేవాడు కాదు.

ఒక సంతనాడు జీపు గెడ్డ మధ్యలో ఆగిపోయింది. తాళం తిప్పితే చప్పుడు లేదు. సత్తినాయుడు వెనక్కి తిరిగి అరిచాడు.

"మీలో ఎవరే ముట్టుతో ఉన్నది? మైలతో ఎక్కి నా బండిని చంపుతారేటి? దిగండి!"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాలమ్మకు గర్భసంచి తీసేసి అప్పటికే ఐదేళ్లు. అయినా నోరు అలవాటు తప్పలేదు.

"తప్పు నాదేలెండి" అని దిగి, చీర ఎత్తిపట్టుకుని, మోకాలిలోతు నీళ్లలో ఒడ్డుకు నడిచింది.

కాసేపటికి జీపు స్టార్టయింది. "సెప్పలేదేటి?" అన్నాడు సత్తినాయుడు. మగవాళ్లు తలలూపారు. ఆడవాళ్లూ ఊపారు. బండిని మెకానిక్కుకు చూపించాలని ఎవరికీ తోచలేదు.

వానలు మొదలయ్యాక జీపు అక్కడే మళ్లీ ఆగింది. ఈసారి నీళ్లు తొడలదాకా వచ్చి, ఎర్రగా పరుగెడుతున్నాయి. బండిలో ఆడవాళ్లు ఇద్దరే: దాలమ్మ, ఆమె అక్క కూతురు హేమ. హేమ పట్నంలో పాలిటెక్నిక్ చదువుతోంది. సెలవులయ్యాయని హాస్టలుకు తిరిగి వెళ్తోంది.

"బాబాయ్, ఫ్యూజుల పెట్టెలోకి నీళ్లెళ్లుంటాయి. బానెట్ తీసి ఓసారి తుడవండి" అంది హేమ.

"నాకు బండి నేర్పుతావేటి? ముందు నువ్వు దిగు."

"నాకేటీ లేదు!"

"ఉంటే మాత్రం సెప్తావేటి? దాలమ్మా, నువ్వు సెప్పు. ఆ రోజు నువ్వు దిగాకే బండి కదిలిందా, లేదా?"

హేమ పిన్ని వైపు చూసింది. ఆ రోజు తనకు ముట్టే లేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. బండిలోని మగవాళ్లంతా కూడా దాలమ్మనే చూస్తున్నారు. ఆమె తల దించుకుంది.

"కదిలింది" అంది. "దిగిపోమ్మా. నేను దిగలేదేటి? నలుగురితో గొడవెందుకు?"

హేమ దిగింది. జీపును పట్టుకుని కొంత నడిచింది. చెయ్యి వదిలిన చోటే గెడ్డ ఆమెను లాక్కుపోయింది. "పిన్నీ" అన్న కేక సగమే వినిపించింది.

సత్తినాయుడు ముందుకే చూస్తూ తాళం తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంజను అందుకుంది.

"సూశారా! దిగింది, కదిలింది!" అని నవ్వాడు.

జీపులో ఎవరూ నవ్వలేదు.

శవం దిగువన బండల మధ్య దొరికింది. పోలీసులు పట్నం నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను బానెట్ ఎత్తి, పులిసిన వాసనకు ముక్కు మూసుకున్నాడు. ఫ్యూజుల పెట్టెలో తీగల మొనలు ఆకుపచ్చగా చిలుం పట్టి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

"ఇందులో ఏం పోశారయ్యా?"

"కొబ్బరినీళ్లు... దేవుడివి" అన్నాడు సత్తినాయుడు.

"అవే తీగల్ని తినేశాయి. గెడ్డ నీళ్లు చిమ్మగానే కరెంటు ఆగిపోతోంది. ఇంజను వేడికి ఆ తడి ఆరితే మళ్లీ వస్తోంది. దీనికి ఎవరూ దిగక్కర్లేదు. కాసేపు ఊరికే కూర్చుంటే చాలు."

పక్కనే నిలబడిన దాలమ్మ అంతా విన్నది. తప్పు నాదే అనడానికి మొదటిసారి ఆమెకు నోరు రాలేదు. మొదటిసారి ఆ మాటలో కొంత నిజముంది.

తర్వాత సత్తినాయుడి మీద కేసు నడిచినప్పుడు, జీపులో అతనన్న మాటలన్నీ ఆమె కోర్టులో చెప్పింది. వాటితోపాటు, లేని ముట్టును ఉన్నట్టు ఒప్పుకుని తానాడిన అబద్ధాన్నీ బయటపెట్టింది.

చేయని తప్పును నెత్తిన వేసుకోవడం మంచితనం కాదు. మనం తలవంచి ఒప్పుకున్న అబద్ధం మన వెనక వచ్చే ఆడపిల్లను ముంచుతుంది.