బొట్టు పెట్టిన పాలగిన్నె

అనగా అనగా, పాలగిన్నె చూస్తేనే బెంగపడే ఓ రాజుండేవాడర్రా. లేకలేక పుట్టిన పిల్లాడు ఒకసారి విరిగిన పాలు తాగి, చావుదాకా వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచీ దాది పాలు తెస్తే రాజుకి అనుమానం, వాసన చూస్తే అనుమానం, చూడకపోతే అనుమానం. ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి, ఈ కంగారంతా నాకొక్కదానికేనా!

పాలు పాడైతే తనంతట తానే చెప్పే గిన్నె తెచ్చినవాళ్ళకి కొలువిస్తాననీ, అబద్ధం చెప్పే గిన్నె తెస్తే రాజ్యం దాటిస్తాననీ చాటింపు వేయించాడు.

ఆ ఊళ్ళో నీలవేణని ఓ కోడలు. రంగు మారే ప్లాస్టిక్‌తో గిన్నె చేసింది. దాని ఒంటినిండా, లోపలా బయటా, వెండి సిరాతో సన్నసన్నని గీతలు అచ్చు వేసింది. ముగ్గు కాదర్రా, కరెంటు నడిచే దారులవి. పాలు బాగుంటే గిన్నె ఆకుపచ్చన, విరిగితే కరెంటు గీత నుంచి గీతకి దూకి ఎర్రన. ఇంట్లో మళ్ళీ మళ్ళీ పోసి చూసుకుంది.

సభలో అప్పుడే పితికిన పాలు పోశారు. గిన్నె ఎర్రబడింది! అమ్మో! ఆకలికి పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, రాజు మండిపడుతున్నాడు, భటులు ముందుకొస్తున్నారు. నీలవేణి వెనకాల నిలబడ్డ అత్తగారు సూరమ్మ కొంగులో చెయ్యి దాచుకుంటోంది. ఆ వేలికి పసుపుందర్రా, పసుపు!

చెబితే రాజు తనని ఏం చేస్తాడో. చెప్పకపోతే కోడలు రాజ్యం దాటాల్సిందే. ముసలిదాని ప్రాణం గిలగిల్లాడింది. చివరికి చెయ్యి బయటికి తీసి, నేనేనయ్యా, కొత్త వస్తువు కదా, శుభమని బయల్దేరేముందు పసుపు రాసి బొట్టు పెట్టానని ఏడ్చేసింది.

నీలవేణి బుర్రలో వెలిగింది. గిన్నె ఎందుకు ఎర్రబడింది? గీతా గీతా కలిశాయి. గీతలెందుకు కలిశాయి? మధ్యన తడి చేరింది. తడెక్కడిది? పసుపుది. పసుపెందుకు పెట్టింది? ప్రేమకొద్దీ పెట్టింది! కొంగుతో తుడిచి ఆరబెడితే గిన్నె ఆకుపచ్చన అయింది. రాజు నమ్మితేనా! విరిగిన పాలు పోయించాడు, ఎర్రన. కడిగి ఆరబెట్టించి తాజావి పోయించాడు, ఆకుపచ్చన. అప్పుడుగానీ పిల్లాడికి పట్టనివ్వలేదు. వాడు తాగి నవ్వాడు.

రాజు కొలువిచ్చాడు. నీలవేణి కొత్త గిన్నె చేసింది. బయటి గీతలకి తడి తగలకుండా పైన పల్చటి పొర వేసింది. అంచు దగ్గర మాత్రం గుండ్రంగా కాస్త చోటు గీతల్లేకుండా ఖాళీగా వదిలింది. అదెందుకమ్మా అని రాజడిగితే, మా అత్తగారి వేలికండీ అంది.

ఇంట్లోకి ఏది చేసినా, ఇంట్లోవాళ్ళ చేతులు ఎక్కడ పడతాయో ముందు చూసుకోవాలర్రా. సరే, కథ కంచి దారి పట్టింది, మీరు దిండు దారి పట్టండి.