కణితి మెడకో హారం

బూరుగుకోన అడవిలో కణితులనే పెద్ద జింకలు, దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు ఉండేవి. వీటితోపాటు నాలుగు కొమ్ముల జింకలు కూడా ఉండేవి. అవును పిల్లలూ, నాలుగు కొమ్ములే! ముందు రెండు బుడిపెలు, వెనక రెండు పుల్లలు. మేకంత ప్రాణం. ఒకప్పుడు అవి చాలా ఉండేవి. కొన్ని పొలాల్లోని నేలబావుల్లో పడ్డాయి. కొన్నిటిని ఊరకుక్కలు తరిమి చంపాయి. రోడ్డు దాటబోయినవి లారీల కింద పడ్డాయి. చివరికి ఒక చిన్న గుంపు మిగిలింది.

ఆ గుంపునైనా కాపాడాలని ఫారెస్టు వాళ్ళు బావులకు గోడలు కట్టించారు. గుంపుకి పెద్దయిన బుల్లయ్య మెడకు ఒక పట్టీ కట్టారు. అందులో చిన్న యంత్రం ఉంది. బుల్లయ్య ఎక్కడున్నాడో అది వాళ్ళకు చెబుతుంది. అతను పొలాల వైపు వచ్చి నిలబడితే చాలు, జీపు వేసుకొచ్చి అడవిలోకి తోలేవారు.

ఇది చూసి దండిరాజు అనే కణితికి కడుపు మండిపోయింది. దండిరాజంటే మామూలోడు కాదు. ఎద్దంత ఒళ్ళు, చెట్టంత కొమ్ములు! "నేనుండగా వాడికా హారం?" అని ఆ రోజంతా మేత ముట్టలేదు.

కొండముచ్చు ఊరుకుంటుందా? "రాజుగారూ, కొమ్ములకేం, బ్రహ్మాండం! మెడే బోసిగా ఉంది, పాపం!" అని కొమ్మ మీంచి ఇకిలించింది.

దండిరాజు నేరుగా బుల్లయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఏరా అల్లుడూ, ఎవర్ని కాకా పట్టావు?"

"ఇది హారం కాదు మామా, ఒకటే దురద! మేం కొద్దిమందిమే మిగిలాం కదా, అందుకని కట్టారు. మీవాళ్ళు కొండ నిండా ఉన్నారు. అదృష్టమంటే మీది."

"ఓహో, నాకే గొప్పలు చెబుతున్నావా! చూస్తుండు, నీదానికంటే మెరిసేది వేసుకుంటా" అని దండిరాజు విసురుగా పొలాల వైపు నడిచాడు.

"అటు వద్దు మామా!" అంటూ బుల్లయ్య వెనకే పరుగెత్తాడు.

పొలం గట్టున కంపచెట్ల మధ్య ఒక తీగ వెడల్పుగా, గుండ్రంగా వేలాడుతోంది. ఎండకు తళతళలాడుతోంది. అడవిపందుల కోసం ఎవరో దొంగచాటుగా పన్నిన ఉచ్చు అది. మనవాడికి అదేం తెలుసు? "నాకోసమే పెట్టారు!" అని మురిసిపోయాడు.

"ఆగు మామా! నాకు పట్టీ కట్టినవాళ్ళు పక్కనే కూర్చుని, నీళ్ళు తాగించి పంపారు. ఇక్కడ ఒక్క మనిషైనా ఉన్నాడా, చూడు!"

"నాకు దొరికిందని ఏడుస్తున్నావురా!" అంటూ దండిరాజు కొమ్ములు వంచి తల దూర్చాడు.

తీగ బిగిసింది. గుంజేకొద్దీ ఇంకా బిగిసింది. కళ్ళు తేలేశాడు. అంతలో ఊరివైపు నుంచి కుక్కల అరుపులు!

పారిపోతే బుల్లయ్య బతుకుతాడు. కానీ తాను అక్కడే నిలబడితే జీపు వస్తుందని అతనికి తెలుసు. అందుకే వణుకుతూనే నిలబడ్డాడు. కుక్కలు గట్టు మీదికి వచ్చేశాయి. వాటి వెనకే జీపు గట్టిగా హారన్ కొడుతూ వచ్చింది. కుక్కలు చెల్లాచెదురయ్యాయి. ఫారెస్టు వాళ్ళు తీగ కోశారు. గట్టంతా వెతికి మిగతా ఉచ్చులూ పీకేశారు.

దండిరాజు బతికాడు. కానీ మెడ చుట్టూ చర్మం తెగిపోయింది, గొంతు బొంగురుపోయింది.

అప్పటినుంచి బుల్లయ్య గుంపు నీళ్ళకు దిగితే దండిరాజు ఒడ్డున కాపలా ఉంటాడు. కుక్క వాసన తగిలితే ఆ బొంగురు గొంతుతోనే కేక పెడతాడు. ఆ ఏడు గుంపులో కొత్త కూనలు పుట్టాయి. వాటిలో ఒకటి భయం లేకుండా దండిరాజు కాళ్ళ మధ్యే పడుకుంటుంది.

నీతి: ఎదుటివాడికి దక్కినదాన్ని చూసి కుళ్ళుకోకూడదు, అది అతనికి ఎందుకు అవసరమైందో ముందు తెలుసుకోవాలి.