సుంకమ్మ ముక్కుతో ఎంచుకున్న ఫోను

గుర్రప్పమిట్ట మీద మేసే మేకలకు ఫోను ఎందుకని మీరు అడగొచ్చు. చిరుత కోసం. మిట్టకు పైన కొండ గండి ఉంది. పొద్దు వాలే వేళకు చిరుత ఆ గండి దాటి కిందికి దిగుతుంది. గండి పక్కన బండ మీద కొండముచ్చు ఓబులేశు కాపలా కూర్చుని, తన ఫోను కెమెరాను గండి వైపు తిప్పి పెడతాడు. ఆ బొమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిట్ట మీది ఫోనులో కనబడుతూ ఉంటుంది. అందులో చిరుత కనబడగానే మేకలన్నీ కంచె లోపలికి వెళ్ళిపోతాయి.

ఓబులేశు గట్టిగా అరిస్తే సరిపోదా అంటారేమో. ముందు అరిచేవాడే. నిరుడు ఒక రోజు గాలి ఎదురు వీచి ఆ అరుపు మిట్ట దాకా రాలేదు. ఆ సాయంత్రం మేక సుంకమ్మ పిల్లల్లో ఒకటి తగ్గింది.

ఇప్పుడు సుంకమ్మకు మళ్ళీ ఇద్దరు పిల్లలు. పుట్టి నెల కూడా కాలేదు. గడ్డిపోచ కదిలినా ఆమె లేచి నిలబడుతోంది, మేత సరిగ్గా ఒంటికి పట్టడం లేదు. పైగా పాత ఫోను వారం కిందట పోయింది. ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. ఒక మేకపోతు దాన్ని సగం నమిలి, రుచి బాగాలేదని మిగతాది వదిలేసింది. దాంతో మిట్ట మీద ఒక నియమం పెట్టుకున్నారు. ఇక ఏ ఫోను కొన్నా వెదురు గడకు కట్టాలి. గడ చుట్టూ ముళ్ళకంప వేయాలి. ఎంత మెడ చాపినా ఏ మేకకూ అందకుండా, పది అడుగుల దూరం నుంచే చూడాలి.

అలాంటి సమయంలో నక్క నరసింగం భుజాన సంచి వేసుకుని మిట్ట ఎక్కి వచ్చాడు. నరసింగం ఫోన్లు అమ్ముతాడు. అంతకుముందు గొర్రెలకు దువ్వెనలు అమ్మాడు.

"ఇది ఏడొందల ఇరవై, ఇది పద్నాలుగొందల నలభై," అంటూ రెండు ఫోన్లు తీసి గుడ్డ మీద పెట్టాడు. రెండూ ఒకే సైజు, ఒకే నలుపు.

"అదేం లెక్కన్నా?" అంది సుంకమ్మ.

"చుక్కల లెక్కక్కా. ఫోన్లో బొమ్మంటే అంతా చుక్కలే. ఎన్ని చుక్కలుంటే బొమ్మ అంత నున్నగా ఉంటుంది. దాన్నే రెజల్యూషన్ అంటారు. ఈ పెద్దదానిలో చిన్నదాని కంటే నాలుగింతల చుక్కలు."

"అన్ని చుక్కలు మాకెందుకప్పా?" అన్నాడు ఎద్దు పోతులయ్య.

పోతులయ్య పన్నెండేళ్ళు గానుగ తిప్పి వచ్చినవాడు. ఏ మాటకైనా మనసులో ఒక చుట్టు తిరిగి వచ్చాకే బదులిస్తాడు. ఈ ప్రశ్న అంత తొందరగా అడిగాడంటే, ఆ ఆలోచన నిన్నటిదై ఉండాలి.

"ఎందుకంటావేమన్నా! చిన్నదానిలో చిరుత వస్తే దాని మచ్చలు కలిసిపోయి పొద మాదిరి కనపడుతుంది. పొదే కదా అని మేస్తా ఉంటారు. తర్వాత నన్ననుకుంటే లాభం లేదు."

ఆ మాటకు సుంకమ్మ పిల్లలిద్దరినీ పొట్ట కిందికి లాక్కుంది.

మేకలకు ఒక ఆచారం ఉంది. ఏ వస్తువైనా మూతి ఆనించి చూడనిదే తీసుకోరు. గడ్డయినా, గంపయినా, పెళ్ళికొడుకయినా సరే. సుంకమ్మ ముందు చిన్న ఫోనుకు మూతి ఆనించింది. మేక ముక్కు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కదా, అద్దం మీద ఒక నీటిబొట్టు నిలిచింది. ఆ బొట్టులోంచి చూస్తే ఎర్రవీ పచ్చవీ నీలివీ చుక్కలు ఇంతింత లావున కనబడ్డాయి.

"అమ్మో! రంగురంగుల పప్పులు ఒలకబోసినట్టుందే!"

"నేను చెప్పలే?" అన్నాడు నరసింగం విచారంగా. పెద్ద ఫోనును చేతికి ఇచ్చే ముందు మాత్రం మెత్తటి గుడ్డ ఒకటి తీసి సుంకమ్మ మూతి తుడిచాడు, అద్దం తుడిచాడు. "కంపెనీ పద్ధతక్కా," అన్నాడు.

సుంకమ్మ పెద్దదానికి మూతి ఆనించింది. బొట్టు లేదు, చుక్కలు లేవు. బొమ్మ మజ్జిగ మీది మీగడలా నున్నగా ఉంది. మిగతా మేకలు కూడా వరసగా మూతులు ఆనించాయి. నరసింగం వరసగా మూతులు తుడిచాడు.

"బ్యాటరీ సంగతేమి?" అన్నాడు పోతులయ్య.

"రెండిట్లోనూ ఒకే సైజు బ్యాటరీ అన్నా. ఆ విషయంలో మోసం లేదు."

పోతులయ్య ఆ మాటను పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఆయన చుట్టు తిరిగి వచ్చేలోపల బేరం అయిపోయింది. చిన్న ఫోనుకైతే రెండు నెలల పాలు, పెద్దదానికి ఏడాది పాలు, రోజుకో చెంబు.

"నా పిల్లల ప్రాణం కాడ పీనాసితనం చేస్తానా?" అంది సుంకమ్మ. తల్లి అలా అన్నాక ఎవరూ అడ్డు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోనుకు నిండా చార్జి పెట్టి గడకు కట్టారు. ఓబులేశు పంపే గండి బొమ్మ చక్కగా వచ్చింది. మేకలు మేస్తూ, తలెత్తి చూస్తూ, మళ్ళీ మేస్తూ ఉన్నాయి. మధ్యాహ్నానికి చార్జి సగానికి దిగింది. పొద్దు కొండకు ఇంకా రెండు తాటిచెట్ల ఎత్తున ఉండగానే తెర నల్లబడింది.

"గండిలో అప్పుడే చీకటి పడినట్టుంది," అంది ఒక మేక.

"కొండ చాటు కదా, అక్కడ తొందరగా పడుతుంది," అంది ఇంకొకటి.

మేకలన్నీ ఒప్పుకుని మేతలో పడ్డాయి. నల్లటి తెరలో చిరుత కనబడలేదు కాబట్టి చిరుత లేదనే లెక్క.

చిరుత ఏ తొందరా లేకుండా దిగింది. వెనక నుంచి గడ్డి చీలుతున్న చప్పుడు విన్నది పోతులయ్య ఒక్కడే. ఈసారి ఆయన చుట్టు తిరిగి రాలేదు. రంకె వేసి, కొమ్ములు వంచి, పిల్లలకూ చిరుతకూ మధ్యకు ఉరికాడు. చిరుత పంజా విసిరి వెనక్కి తగ్గింది. చిన్నపిల్ల తొడ మీద మూడు గీట్లు పడ్డాయి. సుంకమ్మ ఆ గీట్లను నాకుతూ రాత్రంతా ఏడ్చింది. నిరుడు పోయిన పిల్ల పేరు కూడా మధ్యమధ్యలో పలికింది.

తెల్లారగానే నరసింగం చెంబు పట్టుకుని పాలకు వచ్చాడు. అప్పటికే ఫోనును మళ్ళీ నిండా చార్జి చేసి గడకు కట్టి ఉన్నారు.

"నీ ఫోను పొద్దుగూకక ముందే సచ్చింది కదరా!" అని సుంకమ్మ కొమ్ములు ముందుకు పెట్టింది.

"పొద్దంతా ఆన్ చేసి పెడితే చావదా అక్కా? అవసరమైనప్పుడు మాత్రం ఆన్ చేసుకోవల్ల."

"చిరుత ఎప్పుడొస్తుందో దాన్నే ముందు ఒక మాట చెప్పమను. అప్పుడే ఆన్ చేసుకుంటాం."

పోతులయ్య నెమరు ఆపాడు.

"నరసింగా, మొన్నటి నీ మాటకు నాకిప్పుడు బదులు దొరికిందప్పా. బ్యాటరీ రెండిట్లో ఒకటే అన్నావు. నాలుగింతల చుక్కలను పొద్దంతా వెలిగించల్లంటే, ఆ పైది యాడ నుంచి వస్తుంది?"

నరసింగం చెంబు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"బొమ్మ ముఖ్యమా, బ్యాటరీ ముఖ్యమా అన్నా?"

"బొమ్మే. అందుకే అడుగుతా ఉండా. మేం చూసేది ముళ్ళకంప బయట నుంచి. మూతి ఆనించి ఎవరూ చూడరు. అంత దూరం నుంచి నీ పెద్ద ఫోను గొప్పతనం కనపడుతుందా?"

"కనపడకుండా ఎట్ల పోతుంది? మసకగా ఉండేదేదో, నున్నగా ఉండేదేదో కళ్ళుండేవాడికి తెలీదా?"

"అట్లయితే ఆ చిన్నదాన్ని కూడా చార్జి నింపి గడకు కడతాం. రెండిట్లోనూ ఓబులేశు బొమ్మే పెడతాం. బయట నిలబడి ఏది పెద్దదో నువ్వే చెప్పు. చెప్పినావంటే రెండేళ్ళు పాలు పోస్తాం. చెప్పలేకుంటే పెద్దది నువ్వు తీసుకుని చిన్నది మాకిచ్చి పో."

రెండేళ్ళ పాలు అనగానే నరసింగం ఇంకేమీ ఆలోచించలేదు. పోతులయ్య ఆయన్ని వెనక్కి తిరిగి నిలబడమని, రెండు ఫోన్లనూ గడకు పక్కపక్కన కట్టాడు. ముళ్ళకంప మళ్ళీ సర్ది పిలిచాడు.

నరసింగం కంప చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్ళు చిట్లించి ఇంకోసారి తిరిగాడు. కంపను కాలితో పక్కకు తోయబోయాడు.

"లోపలికి పోకూడదప్పా," అన్నాడు పోతులయ్య.

"అది మేకలకు కదా నియమం?"

"మేకల ఫోన్ను చూసేవాళ్ళందరికీ."

"ఒక్కసారి ముక్కు ఆనిస్తాను."

"కళ్ళుండేవాడికి తెలుస్తుందని నువ్వే అంటివి. మళ్ళ ముక్కెందుకు?"

మేకలన్నీ మేత మానేసి చూస్తున్నాయి. నరసింగం గొంతు సవరించుకుని, ఫోన్ల అంగడిలో నిలబడినంత ధీమాగా నిలబడ్డాడు.

"ఎడమ పక్కది! చూడండి, గండి పక్కన చెట్టుకు ఆకు ఆకుకూ ఈనె కనపడుతోంది. కుడిపక్కది చూడండి, అంతా అలికినట్టు, కళ్ళు నొప్పి పుడుతున్నాయి. కంపెనీ సరుకంటే ఇదీ!"

పోతులయ్య కంప పక్కకు జరిపి లోపలికి వెళ్ళి, ఎడమ ఫోనును వెనక్కి తిప్పి చూపించాడు. వెనక అంటించిన చీటీ మీద ఏడొందల ఇరవై అని ఉంది.

మేకలన్నీ నరసింగం వైపు తిరిగాయి. ఒక ముసలి మేక మాత్రం ఆ చెట్టు వైపే చూస్తూ, "ఈనె యాడుంది నాయనా, నాకు కనపడలే," అంది. ఆమె నిజంగానే వెతుకుతోంది.

"ఇంకో సంగతి చెప్తా విను," అన్నాడు పోతులయ్య. "ఓబులేశు కెమెరా పంపే బొమ్మే ఏడొందల ఇరవై. నువ్వు ఎన్ని చుక్కల తెర తెచ్చినా దానిలో అంతకంటే ఏమీ రాదు. రాత్రి వాణ్ణే అడిగి తెలుసుకున్నా. మొన్న నువ్వు ఒక ఫోన్నే గుడ్డతో తుడిచినావని కూడా రాత్రే గుర్తుకొచ్చింది."

నరసింగానికి సిగ్గు లేదని అనను. ఉంది, కానీ దాన్ని పని చేసే చోటికి తెచ్చుకోడు.

"చూపు సంగతి వదిలేయండి. చార్జి సంగతిలో నా ఫోను తక్కువేమీ కాదు. నిన్న మీరు సరిగ్గా పెట్టి ఉండరు. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటా, రెండూ వెలగనీయండి," అని తుమ్మ చెట్టు నీడలో చతికిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలుకు తిరిగింది. పెద్ద ఫోనులో నూటికి ఆరు మిగిలింది. చిన్నదానిలో నలభై ఉంది. నరసింగం లేచి పెద్దదాన్ని గడ నుంచి విప్పుకున్నాడు.

"నాకు ఇల్లు చేరే పొద్దయింది. వాగు దారో, కొండవార దారో, చిరుత ఏ పక్కకు దిగిందో చూసి ఓబులేశును నాకు కూడా మెసేజీ పెట్టమనండి. దారిన పోయేవాడికి ఆమాత్రం సాయం చేస్తారు కదా."

"పెట్టమంటాం," అంది సుంకమ్మ. ఆమెకు కోపం ఉంది గానీ చిరుత నోట్లో ఎవరూ పడకూడదని కూడా ఉంది.

"ఆరు మిగిలిందప్పా దాంట్లో. చిన్నదాన్నే పట్టుకుని పో, రేప్పొద్దున తెచ్చిద్దువు," అన్నాడు పోతులయ్య.

"పద్నాలుగొందల నలభైలో ఆరంటే అరవై కింద లెక్క," అని నరసింగం వాగు దారి పట్టాడు.

ఆయన మిట్ట దిగి కనుమరుగయ్యాడో లేదో, గడ మీద చిన్న ఫోనులో ఒక పొద కదిలింది. ఆ పొదకు తోక ఉంది. వెంటనే ఓబులేశు మెసేజీ వచ్చింది. "వాగు దారిన దిగతా ఉంది."

సుంకమ్మ పిల్లలిద్దరినీ మూతితో తోసుకుంటూ కంచె లోపలికి పరిగెత్తింది. చిన్నపిల్ల కుంటుతూనే ముందు చేరింది. తడిక వేశాక సుంకమ్మ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. రెండే. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత కంచె మీదికి ముందుకాళ్ళు వేసి వాగు వైపు అరిచింది.

"నరసింగన్నా, వాగు దారి వద్దు! వెనక్కి రా!"

గాలి ఎదురు వీస్తోంది. ఆ కేక వాగు దాకా పోలేదు. మెసేజీ మాత్రం గాలితో పని లేకుండా పోయింది. వాగులో నరసింగం ఫోను తీసి చూశాడు. తెర నల్లగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మళ్ళీ చూశాడు. ఇంకా నల్లగానే ఉంది. వెనక గులకరాళ్ళు జరిగిన చప్పుడైంది.

నాలుగు రోజుల తర్వాత నరసింగం మిట్ట ఎక్కి వచ్చాడు. సంచి ఉంది, చెంబు లేదు. తోక సగమే ఉంది. ఒళ్ళంతా ముళ్ళు గీరిన గుర్తులు.

"మెసేజీ పెట్టినాము కదన్నా," అంది సుంకమ్మ, నిజంగా బాధపడుతూ.

"పెట్టినారక్కా. మర్నాడు చార్జి పెట్టినాక చదివినా. చాలా నున్నగా కనపడింది."

నరసింగం గడ వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట. మళ్ళ నేను వాగు దాటి పోవల్ల. ఆ చిన్న ఫోన్ను ఒక్క పూటకు ఇస్తావా?"

"నీ సంచి నిండా ఫోన్లే కదన్నా?"

"అన్నీ పెద్దవే అక్కా," అన్నాడు నరసింగం. "పెద్దవి అమ్మాలంటే పక్కన ఒక చిన్నది ఉండాల కదా. చూపించేదానికని అదొక్కటే తెచ్చుకున్నా."

నీతి: తెరలో ఎన్ని చుక్కలున్నాయని కాదు, నువ్వు నిలబడే చోటి నుంచి ఎన్ని కనబడతాయని అడిగి ఫోను కొను.